మెల్లకన్ను చూసిన గోడ

పోయిన వారం లైనమ్మను నలుగురి మధ్యా దోషిలా నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా ఆ మనిషి అలాగే నిలబడి ఉంది. చేతిలో తాళాల గుత్తి, ఎదురుగా బల్ల, బల్ల అవతల ఊరి పెద్దాయన. "తాళాలు ఇక్కడ పెట్టమ్మాయ్" అని ఆయన బల్లమీద వేలితో కొట్టిన దగ్గర కథ ఆగింది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు రెండు ముక్కల్లో సంగతి చెప్పేస్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి. కొండమీద ఊరు, కొండ కింద టౌను. మధ్యలో వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము అనే దారి, ఆ దారిమీద ఒకే ఒక్క ఓనరు బస్సులు. జలుబు చేసినా, కాలు విరిగినా ఆ బస్సెక్కి దిగాల్సిందే, ఆసుపత్రి బెంచీమీద సాయంత్రం దాకా పడిగాపులు కాయాల్సిందే. ఊరికి బ్రాడ్‌బ్యాండ్ తీగ వచ్చాక ఆ బాధ తప్పింది. ఒకప్పుడు పెద్దాయన సరుకు దాచుకున్న గిడ్డంగిని ఊరి కమిటీ తీసుకుని, సగంలో ఒక గది కట్టి, గోడకు పెద్ద తెర బిగించి, దాని నెత్తిన ఒక కెమెరా పెట్టింది. అప్పట్నుంచి టౌను డాక్టరమ్మ తెరలోకే వస్తోంది. పక్క కొండలమీది ఊళ్ళవాళ్ళూ వస్తారు. విత్తనాల గురించి అడుగుతారు, దూరాన ఉన్న కూతుళ్ళను చూసుకుని కళ్ళు తుడుచుకుంటారు. బస్సులు మాత్రం ఖాళీగా తిరుగుతున్నాయి.

ఆ గది తాళాలు లైనమ్మవి. అందరికీ లైను కలిపేది ఆమే కాబట్టి ఊరు ముద్దుగా పెట్టుకున్న పేరు అది. మొగుడు లైన్‌మాన్. స్తంభాలెక్కి ఆ తీగ ఇంతదూరం లాక్కొచ్చింది అతనే. గిడ్డంగిలో మిగతా సగం వాళ్ళ కాపురం, చెవిటి అత్తతో సహా. గదికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ.

ఇప్పుడు ఆ గదిలో తలుపు వేసుకుని చెప్పుకున్న మాటలు టౌనులో తేలుతున్నాయి. టైలరక్క ఒంట్లో ఒక గడ్డ ఉందని ఆమె కన్నకూతురికన్నా ముందు టౌను బట్టల కొట్టువాళ్ళకు తెలిసింది. ఆ తర్వాత డ్రైవరు వంతు. కంట్లో శుక్లం మొదలైందనీ, ఆపరేషన్ అయ్యేదాకా చీకట్లో బండి తీయొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. పగటి బండి ఇమ్మని ఓనరును తనే అడుగుదామనుకున్నాడు పిచ్చివాడు. తెల్లారేసరికి ఓనరే ఎదురొచ్చి, "గుడ్డివాడికి నా బస్సు ఇవ్వను పో" అన్నాడు. ఆ మాట పలికినప్పుడు గదిలో ఉన్నది డ్రైవరు, తెరలో డాక్టరమ్మ, తెర పక్కన లైనమ్మ, అంతే. డ్రైవరు తన పొట్ట తను కొట్టుకోడు కదా. మరింకెవరు?

అదిగో, అందుకే ఈ మధ్యాహ్నం ఇంతమంది ఈ తెరగదిలో చేరారు.

"పెట్టమ్మాయ్" అన్నాడు పెద్దాయన మళ్ళీ. "నిన్ను దొంగవని నేననడం లేదు. గది మూసేస్తే ఎవరికీ ఏ గొడవా ఉండదంటున్నాను."

"గది మూస్తే నేనే చెప్పానని తేలిపోయినట్టే కదండీ" అంది లైనమ్మ. తాళాలు మాత్రం వదల్లేదు. "రేపు నేను వీధిలోకి వెళితే ఒక్కరు నా ముందు నోరు విప్పుతారా? వచ్చేవారం అక్క రిపోర్టు చూపించాలి. అది ఎవరు చూస్తారు?"

టైలరక్క తల దించుకుని మెడలో టేపు వేలికి చుట్టుకుంటోంది. చిన్నప్పట్నుంచి ఒకే కంచంలో తిన్నంత స్నేహం వాళ్ళది. ఈవేళ గదిలోకి వచ్చాక ఒక్కసారి కూడా లైనమ్మ మొహం చూడలేదు. ఆ సంగతి లైనమ్మకు డ్రైవరు తిట్టిన తిట్లకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

కానీ అనుమానం పాడుది, ఒకరి దగ్గర ఆగదు. ఊరంతా ఆమెను అనుమానిస్తుంటే ఆమె ఊరంతటినీ అనుమానించడం మొదలుపెట్టింది. టైలరక్కకు టౌనులో ఎన్ని కొట్లు తెలుసు! జాకెట్ల కొలతలతోపాటు ఇవన్నీ ఇచ్చిపుచ్చుకుంటోందా? ఛ, తన గడ్డ సంగతి తనే చెప్పుకుంటుందా? పోనీ డ్రైవరే తాగిన మైకంలో వాగి, ఇప్పుడు మరిచిపోయాడా? వాడు తాగడే! పెద్దాయన? ఆయన గదికి ఎప్పుడొచ్చినా అదే కుర్చీలో, అదే గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు, చలికాలమైనా కదలడు. ఒక్కొక్కరినీ చూసి, లోపల్లోపల చెంపలేసుకుని, మళ్ళీ చూస్తోంది.

"మా ఆవిడ అలాంటిది కాదు!" అని గుమ్మం దగ్గర్నుంచి లైన్‌మాన్ గట్టిగా అన్నాడు. "ఎవరేమన్నా నేనొప్పుకోను. నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే మనిషది. పెద్దాయనా, మీరన్నదే మంచిది, ఈ గది మూసేయండి. మా ఆవిడకీ ఈ నిందలు తప్పుతాయి."

మొగుడు వెనకేసుకొస్తే ఏ పెళ్ళానికైనా ప్రాణం లేచొస్తుంది. లైనమ్మకు రాలేదు. ఈ వేళప్పుడు స్తంభంమీద ఉండాల్సిన మనిషి ఉతికిన చొక్కా వేసుకుని ఇక్కడెందుకున్నాడు? తనను కాపాడుతూనే గదిని ఎందుకు మూయిస్తున్నాడు? ఆ గది కోసం తీగ లాగి రెక్కలు ముక్కలు చేసుకున్నది అతనే కదా! ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది, ఛీ, కట్టుకున్నవాడిని కూడానా అనుకుంది. అనుకుని, తాళాలు రెండో చేతిలోకి మార్చుకుంది.

అంతలో తెర గంటకొట్టింది. లైనమ్మ కబురు పంపితే డాక్టరమ్మ వచ్చింది. జుట్టు ముడివేసుకుని, పక్కన టీ కప్పు పెట్టుకుని, పిలిస్తే పలికే మనిషి.

"అందరూ ఉన్నారా? నేను ఒక్క మాట చెప్పి వెళతాను. రోగులు నాతో చెప్పింది నా నోటినుంచి బయటికి రాలేదు. మా గదిలో నేను ఒక్కదాన్నే, తలుపు గడియ వేసుకుని కూర్చుంటాను. కావాలంటే చూడండి" అని తన దగ్గరున్న కెమెరాను చేత్తో గిర్రున తిప్పి నాలుగు గోడలూ చూపించింది. ఆ తర్వాత నవ్వుతూ, "మీరే నాకు సరిగ్గా కనపడరు. ఎప్పుడూ సగం మాటలో మొహం పోయి దుప్పటి వస్తుంది" అంది.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఇంత గొడవలోనూ నవ్వొచ్చే సంగతి అది ఒక్కటే. తెరమీది ఆ కెమెరాకు ఊరు పెట్టిన పేరు మెల్లకన్ను. నువ్వు దీనంగా కడుపునొప్పి చెప్పుకుంటూ ఉంటే అది కిర్రుమని పక్కకు తిరిగి గోడను చూస్తుంది. గదిలో మాట బావిలోలా మోగుతోందని డాక్టరమ్మ అంటే గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీశారు. మెల్లకన్నుకు ఆ దుప్పట్లలో ఒకదానిమీద మనసైందని కుర్రకారు హాస్యం.

"దానికి మెల్ల అండీ" అన్నాడు డ్రైవరు కూడా కోపం మరిచిపోయి. "నా కన్ను కాదు, ముందు దాని కన్ను చూడాలి మీరు."

"మెల్లేమిటి?"

"పాడైందండీ. పుట్టుకతోనే అంతట" అంది లైనమ్మ. "కొత్తది వస్తుందంటున్నారు."

"ఎవరన్నారు?"

"మా ఆయనే."

డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. "పాడవడమేమిటమ్మా! మాట్లాడే మనిషివైపు తిరగడమే దాని పని. మాట ఎటునుంచి వస్తే అటు చూస్తుంది. పక్క కొండమీది ఊళ్ళో ఇలాంటిదే ఉంది, నలుగురు పోట్లాడుకుంటే పాపం తల తిప్పలేక చస్తుంది. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. బిగించినవాడు చెప్పాలి. బిగించినవాడు గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు.

"తెర ఆపేయమ్మాయ్" అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి. "మన ఇంటి గొడవ పరాయివాళ్ళ ముందెందుకు? ఆమె పని ఆమె చూసుకుంటుంది."

లైనమ్మ ఆపలేదు. మాట ఎటునుంచి వస్తే అటు. డ్రైవరు శుక్లం గురించి చెప్పుకుంటున్నప్పుడు అది తిరిగింది. టైలరక్క ఏడ్చినప్పుడు తిరిగింది. అప్పుడు తనే విసుక్కుని చేత్తో ఇటు తిప్పింది కూడా, వెధవ మెల్లకన్ను అని తిట్టి మరీ.

"ఒక్క క్షణం అందరూ నోళ్ళు మూసుకోండి" అంది.

"ఏమిటీ?"

"నోళ్ళు మూసుకోండి బాబూ, దండం పెడతాను! ఊపిరి కూడా మెల్లగా తీయండి."

ఆ గొంతు ఆమెదేనా అని అందరూ తెల్లబోయారు. గది నిశ్శబ్దమైంది. టైలరక్కకు దగ్గు వచ్చింది, మెల్లకన్ను కిర్రుమని ఆమెవైపు తిరిగింది. ఆమె హడలిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ నిశ్శబ్దం. బయట ఎవరిదో సైకిల్ గంట, అది కూడా పోయింది. మెల్లకన్ను కాసేపు ఎటూ చూడకుండా నిలబడింది. తర్వాత, ఎవరూ పెదవి కదపకుండానే, కిర్రు, కిర్రు, నెమ్మదిగా పక్కకు తిరిగి పెద్దాయన మొహంమీద ఆగింది.

"నేనేం మాట్లాడలేదు!" అన్నాడాయన కుర్చీలోంచి సగం లేచి.

"మీరు కాదండీ. కొంచెం జరగండి" అంది లైనమ్మ.

ఆయన జరగలేదు. ఆమె కుర్చీని ఆయనతో సహా పక్కకు నెట్టినంత పని చేసి, వెనకున్న దుప్పటిని ఎత్తి కుర్చీ వీపుమీద వేసింది. గోడకు ఒక కన్నం ఉంది. కన్నంలోంచి నల్లటి తీగ వస్తోంది. కరెంటు పోయినా లైను పోకుండా బ్రాడ్‌బ్యాండ్ డబ్బా, బ్యాటరీ లైనమ్మ వాళ్ళ ఇంట్లో పెట్టారు కాబట్టి తీగ అటునుంచే రావాలి, అది అందరికీ తెలిసిందే. కానీ తీగ ఆమె చిటికెన వేలంత కూడా లేదు. కన్నంలో ఆమె పిడికిలి పడుతుంది.

ఆమె వంగి చెవి పెట్టింది.

ఇంతకాలం దుప్పటి మింగేసిన గొంతు ఇప్పుడు సన్నగా, స్పష్టంగా వచ్చింది. "ఇప్పుడెవరూ మాట్లాడ్డం లేదే. ఉండు, ఉండు. ఏదో సర్దుతున్నారు."

ఆ గొంతు లైనమ్మ పొద్దున లేస్తూ వింటుంది, అన్నం పెడుతూ వింటుంది. గోడ అవతల తన ఇల్లు. ఇంట్లో ఇప్పుడున్నది ఒక్కరే, చెవిటి మాలోకమని ఊరంతా అనుకునే తన అత్త.

అందరి కళ్ళూ ఆమెమీదే ఉన్నాయి. అందరికీ అదే గోడ, అదే ఇల్లు గుర్తొచ్చాయి. డ్రైవరు పళ్ళు కొరుకుతూ, "మీ ఇంట్లోకేనా వదినా?" అన్నాడు. లైన్‌మాన్ పెద్దగా, మరీ పెద్దగా నవ్వాడు. "మా అమ్మా! పిడుగు పడ్డా వినపడదు దానికి. తీగ కోసం పెట్టిన కన్నమది, దానికింత రాద్ధాంతమా?"

"ఎంత తీగకు ఎంత కన్నమండీ?" అని మాత్రం అడిగి, ఆమె అందరివైపూ తిరిగింది. "ఎవరూ కదలొద్దు. డాక్టర్ గారూ, మీరూ వెళ్ళొద్దు. తెర ఎవరైనా ఆపారంటే మర్యాద దక్కదు." తాళాల గుత్తి తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టింది. "తమ్ముడూ, నన్ను ఎక్కువ తిట్టింది నువ్వే. అందుకే నీకిస్తున్నాను. నేనొచ్చేదాకా నీ దగ్గరే ఉంచు."

గది చుట్టూ తిరిగి ఇంటి గుమ్మంలోకి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త దూరంలోనే ఆమెకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. అత్త తన మూల ఎవరినీ ఊడవనివ్వదు. "నా మూల నేనే చూసుకుంటాలే" అంటుంది. మంచం గోడకు ఆనించి ఉంటుంది, గోడవైపు రెండు దిండ్లు. ముసలితనం చాదస్తం అనుకుంది. ఎంత తెలివితక్కువదాన్ని అని ఇప్పుడు తిట్టుకుంటోంది.

తలుపు చప్పుడు కాకుండా తోసింది. అత్త మంచంమీద వీపు ఇటు పెట్టి కూర్చుంది, తలమీదుగా శాలువా, దిండ్లు పక్కకు జరిపి ఉన్నాయి. రోజూ అయితే గుమ్మంలోంచి గొంతు చించుకుని అరవాలి. లైనమ్మ అరవలేదు. పక్కనున్న మనిషికి కూడా వినపడనంత మెల్లగా పిలిచింది.

"అత్తయ్యా."

ముసలావిడ చటుక్కున తిరిగింది.

తిరిగాక తెలిసింది ఆమెకు, తిరగకూడదని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శాలువా జారింది. చెవి వెనక బఠాణీ గింజంత వినికిడి మిషన్ ఒకటి ఉంది. ఒళ్ళో ఫోన్ ఉంది. ఫోన్‌లోంచి లైనమ్మ ఆడపడుచు గొంతు వస్తోంది, వెనకాల బస్సుల హారన్లు. ఆడపడుచు టౌనులో బస్సు ఆఫీసు కిటికీ దగ్గర టికెట్లు కోస్తుంది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోన్ బల్లమీద పెట్టి స్పీకర్లో గట్టిగా వింటుంది. పక్క కుర్చీ ఓనరుది.

"అమ్మా, ఆగిపోయావేం? ఏదో సర్దుతున్నారన్నావు, తర్వాతేమైంది?"

లైనమ్మకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థమై, మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. "ఎంత పని చేశారత్తయ్యా! వాడి ఉద్యోగం పోయింది. అక్క నా మొహం చూడటం మానేసింది. మీకు నేనేం తక్కువ చేశాను?"

"నేనేం చేశానే?" ముసలావిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఊరందర్నీ కలుపుతావు. ఎక్కడెక్కడివాళ్ళనో తీసుకొచ్చి తెరలో కూర్చోబెడతావు. ఈ గోడ ఇవతల నేనొక్కదాన్ని. నాతో మాట్లాడాలంటే అరవాలని ఎవరూ మాట్లాడరు. నువ్వు కూడా సైగలేగా చేస్తావు, తిన్నావా, పడుకో అని. నా కూతురితో నాలుగు ముక్కలు చెప్పుకుంటే అది కూడా తప్పేనా?"

నిజమే కదా. గంటలకొద్దీ ఆ గదిలో అందరి కష్టం తను వింది, ఈమెను మాత్రం ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు. వినపడదు కదా అనుకుంది. కోపమంతా నీరుగారిపోయింది.

"ఈ మిషన్ ఎవరిచ్చారు?" అని మెల్లగా అడిగింది.

"మా అబ్బాయే. ఫోనూ వాడే ఇచ్చాడు, మంచమూ వాడే ఇటు జరిపాడు. నీకు పొద్దుపోదు కదమ్మా, గదిలో వాళ్ళేమనుకుంటే అది చెల్లికి చెబుతూ ఉండు, దానికీ కాలక్షేపం అన్నాడు. విన్నది విన్నట్టు చెప్పాలన్నాడు. అలాగే చెబుతున్నాను, ఒక్క ముక్క కలపలేదు తెలుసా. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. తెలిస్తే నువ్వు మిషన్ లాక్కుంటావట."

"నేనా? మీ చెవిలోది నేను లాక్కుంటానా!"

వెనక తలుపు గడియ పడింది.

లైన్‌మాన్ తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. నవ్వు లేదు. గొంతు బాగా తగ్గించి, "చూడు, అరవకు. చెప్పేది విను" అన్నాడు. "నీమీద మాట పడకుండా చూద్దామనే నా తాపత్రయమంతా. ఈ గది మూతబడితే కింద టౌనులో మనకో ఇల్లు ఇస్తారు, నాకో పని ఇస్తారు. తీగ లాగడం అయిపోయింది, వానాకాలం వస్తే నాకు పనెక్కడుంది? స్తంభం ఎక్కితే మోకాళ్ళు వణుకుతున్నాయి నాకు. నీకు తెలుసా ఆ సంగతి? ఎవరికి చెప్పుకోను?"

"చెప్పుకోవాల్సింది నాకు" అంది లైనమ్మ. "ఊళ్ళోవాళ్ళ రోగాలు అమ్ముకునే బదులు నాకు చెప్పుకోవాల్సింది. నన్ను దొంగను చేశావు కదరా!"

పెళ్ళయిన నాటినుంచీ నోటరాని మాట అది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అతను ముందు తేరుకున్నాడు.

"అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు నువ్వు బయటికి వెళ్ళి ఒకటే మాట చెప్పు. అమ్మే విని వాగిందని చెప్పు. అంతా అమ్మమీద వేసేద్దాం. ముసలిది, చెవిటిది, దాన్నెవరూ ఏమీ చేయరు. నువ్వూ బయటపడతావు, నేనూ బయటపడతాను."

మంచంమీదుగా లైనమ్మ చూపు గోడమీద పడింది. దిండ్లు పక్కకు ఉన్నాయి. అవతల దుప్పటిని కుర్చీమీద వేసి వచ్చింది తనే. కన్నం అటూ ఇటూ బార్లా తెరిచి ఉంది. అటు మాట ఇటు వస్తే, ఇటు మాట అటు పోదా? అవతల అంతమంది ఉన్నారు, ఒక్క చప్పుడు లేదు.

అతను గొణుగుతున్నాడు కాబట్టి వాళ్ళకు సరిగ్గా వినపడి ఉండదు. ఆ సంగతి ఆమెకు తోచేలోపే ముసలావిడ శాలువా సర్దుకుంది. మంచంమీద నిటారుగా కూర్చుంది. కొడుకు మొహంలోకి ఒకసారి చూసింది. వాడు ఎన్నాళ్ళుగానో నేర్పిన పనే, ఫోన్ నోటిదగ్గర పెట్టుకుని, కన్నం పక్కనే, విన్నది విన్నట్టు, ఒక్క ముక్క కలపకుండా చెప్పింది.

"అంతా అమ్మమీద వేసేద్దాం అంటున్నాడే అమ్మాయీ. ముసలిది, చెవిటిది, దాన్నెవరూ ఏమీ చేయరు, అంటున్నాడు మీ అన్న. ఈ గది మూతబడితే టౌనులో ఇల్లు ఇస్తారట. పని కూడా ఇస్తారట."

గోడ అవతల కిర్రుమని మెల్లకన్ను తిరిగింది.

తర్వాత డ్రైవరు గొంతు కన్నంలోంచి వచ్చింది, చాలా మర్యాదగా. "అన్నా, ఆ ఇల్లు ఇచ్చేదెవరో కూడా కాస్త గట్టిగా చెప్పు. డాక్టరమ్మకు వినపడలేదట."

లైన్‌మాన్ మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. అవతల కుర్చీలు చప్పుడయ్యాయి, టైలరక్క గొంతు ఏడుస్తూ "ఒసే, నన్ను క్షమించవే" అంటోంది, అడుగులు ఇంటివైపు పరిగెత్తుకొస్తున్నాయి. తలుపుమీద పిడికిళ్ళు పడ్డాయి. అతను గడియమీద రెండు చేతులూ పెట్టి, "తియ్యకు. తీశావంటే ఇక నీకూ నాకూ చెల్లు" అన్నాడు.

లైనమ్మ లేచింది. కళ్ళు తుడుచుకుంది. ఇల్లు ఇస్తానన్నది ఎవరో ఆమెకు ఒకరు చెప్పాలా? ఎవరి బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి? ఆమె అతని చేతులమీద చెయ్యి వేసి, ఒక్కొక్క వేలే విప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు ముసలావిడ ఒళ్ళో ఫోన్ మాట్లాడింది. అది ఆడపడుచు గొంతు కాదు. బొంగురు మగ గొంతు, ఊరంతటికీ తెలిసిన గొంతు. బస్సుల ఓనరు.

"లైనమ్మా, ఆగు. నేను మంచివాణ్ణని చెప్పుకోను. కిటికీ దగ్గర పడ్డ మాట ఏరుకున్నాను, డ్రైవర్ని తీసేశాను, అది నిజం. కానీ ఆ కన్నం పెట్టించింది నేను కాదు. మీ ఆయనకు ఇల్లు ఇస్తానన్నదీ నేను కాదు. ఆ గిడ్డంగి మళ్ళీ ఎవరికి కావాలో వాళ్ళనడుగు. గదికొచ్చినప్పుడల్లా ఆ కన్నానికి వీపు అడ్డంపెట్టి కూర్చుంటున్నది ఎవరో ఒక్కసారి గుర్తు తెచ్చుకో."

గుమ్మం బయట పిడికిళ్ళు ఆగిపోయాయి. అంతా ఇటు పరిగెత్తుకొచ్చేశారు. తెరగదిలో ఇప్పుడు మిగిలింది ఒక్కరే. కన్నంలోంచి ఒక కుర్చీ మెల్లగా వెనక్కి జరిగిన చప్పుడు వచ్చింది. దాని వెంటే డాక్టరమ్మ గొంతు, కంగారుగా:

"పెద్దాయనా, ఆ తీగ ఎందుకు పట్టుకున్నారు? వదలండి... లైనమ్మా!"

అక్కడితో తెర మూగబోయింది.